బొమ్మరింటి వెండి పానపాత్రలు

సాధారణముగ రెండంగుళముల ఎత్తు మించని వెండి పానపాత్రలు ఇంగ్లండులో పదునేడవ శతాబ్ది చివరను, పదునెనిమిదవ శతాబ్ది తొలిభాగమునను విరివిగా తయారైనవి. మూతయు పిడియు గల టాంకర్డు, రెండు పిడుల గిన్నె, పంచ్ పాత్ర, టీ గిన్నె - పెద్దలు వాడు పాత్రలకెల్ల ఒక్కొక్క పిల్ల పుట్టినది. ఈ వేడుక డచ్చివారిది; ఆమ్‌స్టర్‌డాం కంసాలులు అంతకుముందే ఈ పనిలో ఆరితేరియుండిరి.

ఇంగ్లీషున వీనిని ‘టాయ్’ లందురు. ఆ మాటను ఆటవస్తువని తెనిగించినచో సగము అర్థమే వచ్చును. హిందీలో ‘ఖిలౌనా’ అన్నను అంతే. ఆనాడు గుండీలు, బకిళ్లు, పొడుముడబ్బీలు మొదలుగా పెద్దలు ముచ్చటపడి కొను చిన్న సరకులకెల్ల ఆ పేరు చెల్లెడిది. కావున ఈ పాత్రలు మన లక్కపిడతలవలె పిల్లల చేతులలో నలిగినవా, సంపన్నుల బొమ్మరిండ్లలో అలంకారములై కూర్చున్నవా అన్నచో, రెండును జరిగియుండునని నా అభిప్రాయము. వర్తకుల నమూనాలను వాదము నాకు రుచించదు.

పెద్ద వెండికి శత్రువు కొలిమి. 1642లో అంతర్యుద్ధము మొదలైన పిదప సైన్యముల జీతములకై ఎన్నో పాత్రలు కరగి నాణెములైనవి. శాంతికాలమునను, అభిరుచి మారినపుడెల్ల పాత పాత్ర కరగి కొత్తది అగుచుండెను. బొమ్మగిన్నెను కరగించిన వచ్చునదెంత? టీ గిన్నెనే చూడుడు. పిడిలేని చీనా పింగాణి గిన్నెను అనుకరించి ఇంగ్లండున వెండితో చేసిరి. వెండి వేడిని క్షణములో వ్రేళ్లకు అందించును గదా! పెద్ద గిన్నెలు నేడు మిక్కిలి అరుదు. బొమ్మగిన్నెలో మరిగిన టీ పోయువారెవరు? ఆ పొరపాటు రూపము దానిలో క్షేమముగ నిలిచినది.

వయస్సు తేల్చుటకు ముద్రలే ఆధారము. 1697 నుండి 1720 వరకు వేయింట 958 పాళ్ల వెండి విధిగా వాడవలసియుండెను. పిదప పూర్వపు 925 పాళ్లకు మరల అనుమతి లభించినది. పెద్ద పాత్రపై ముద్రలన్నియు వరుసగా కనబడును. బొమ్మపాత్రపై తరచుగా పనివాని ముద్ర ఒక్కటియే, అదియును అరిగి ఉండును. 1739లో అమలైన చట్టము ముద్రకు చోటులేనంత చిన్న వస్తువులను మినహాయించినది. ఇట్టి స్థితిలో పేర్లు తారుమారగుట సహజము. ఆగస్టిన్ కోర్టోల్డ్ చేసినవని ఒకప్పుడు ఎంచిన పెక్కు బొమ్మపాత్రలను పరిశోధకులు తరువాత లండను పనివాడు డేవిడ్ క్లేటన్‌కు అప్పగించిరి. కోర్టోల్డ్ పెద్ద పాత్రలకు ప్రసిద్ధుడు. క్లేటన్ ముఖ్యముగా ఈ చిన్న పనియే చేసినవాడు.