తోట నుంచి నేరుగా మామిడి అమ్మే రైతు వారం వారం ఏం కబురు పంపాలి?

పూత మీదే తోటను పాటకిచ్చేసే మామిడి రైతులు మన దగ్గర ఇంకా చాలామంది ఉన్నారు. డిసెంబరు, జనవరి నెలల్లో మందులకు, కూలీలకు డబ్బు కావాలి. పాటదారు వచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. ఆ రోజుతో కాయ ధర మన చేతిలో నుంచి పోతుంది. పాటకివ్వని రైతు పరిస్థితి కూడా పెద్ద తేడాగా ఉండదు. కోసిన కాయ నిలవ ఉండదు కాబట్టి మార్కెట్‌కు తోలి, ఆ రోజు పలికిన రేటుకు ఇచ్చి రావాల్సిందే.

పంటలో కొంత భాగాన్ని పట్నంలో తినేవాళ్లకే నేరుగా అమ్ముకోవడం మూడో దారి. ఇది కొత్త సలహా కాదు. చాలామంది ప్రయత్నించారు, అందులో సగం మంది ఒక్క సీజన్‌తో మానేశారు. వాళ్లతో మాట్లాడితే ఎక్కువగా ఒకే కథ వినిపిస్తుంది. ఏడాదంతా ఎవరినీ పలకరించలేదు. ఏప్రిల్ నెలాఖరున "కాయలు రెడీ, కావాల్సినవారు ఫోన్ చేయండి" అని ఒక్క మెసేజ్ పెట్టారు. అప్పటికే అవతలివారి ఫోన్‌లో అలాంటివి పది ఉన్నాయి. మన కాయ మంచిదని వాళ్లకు ఎలా తెలుస్తుంది?

పూత నుంచి కోత దాకా తోటలో జరిగేది వారానికి ఒకసారి, నాలుగైదు లైన్లలో, ఒక ఫొటోతో చెబుతూ వస్తే కోత నాటికి మీరు వాళ్లకు తెలిసిన మనిషి అవుతారు. దానికి ఖర్చు లేదు. కావాల్సిందల్లా వారం తప్పకుండా పంపడం, ఉన్నది ఉన్నట్టు చెప్పడం. ఈ రెండూ వినడానికి తేలిక, చేయడానికి కాదు.

ముందు లెక్క చూసుకోండి

బంగినపల్లి కాయ ఒక్కోటి 350 గ్రాముల దాకా తూగుతుందనుకుంటే 5 కిలోల పెట్టెలో 14 కాయలు పడతాయి. 40 కుటుంబాలు రెండేసి పెట్టెలు తీసుకుంటే మొత్తం 400 కిలోలు. మూడెకరాల తోటలో ఇది చిన్న భాగమే. మొదటి ఏడాది పంటంతా ఇలా అమ్ముడుపోతుందని ఆశపడి మార్కెట్ వ్యాపారిని దూరం చేసుకోకండి. ఆ 400 కిలోలకు కూడా పెట్టె, గడ్డి, కూలి, కార్గో ఛార్జీ, దారిలో దెబ్బతిన్న కాయలు, ఇంటివాళ్లు పెట్టెలు కట్టిన గంటలు అన్నీ రాసుకోవాలి. ఇంటి ఆడవాళ్ల పనికి విలువ కట్టకుండా లాభం వచ్చిందని చెప్పే రైతులను చాలామందిని చూశాను. అది లాభం కాదు. అన్నీ తీసేశాక కిలోకు మార్కెట్ రేటు కంటే మిగులు కనిపిస్తేనే మరుసటి ఏడాది పెంచండి.

ఫోన్‌లో చేసుకోవాల్సిన ఏర్పాటు

వాట్సాప్ బిజినెస్ యాప్ ఉచితం. అందులో తోట పేరు, ఊరు, కాయ రకాలు, ధర పెట్టుకోవచ్చు. మామూలు వాట్సాప్ అయినా ఇబ్బంది లేదు. గ్రూపు కంటే బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ మేలు. గ్రూపులో ఒకరి ఫోన్ నంబరు అందరికీ కనిపిస్తుంది, గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య మీ కబురు మునిగిపోతుంది. బ్రాడ్‌కాస్ట్‌లో పంపింది ఎవరికి వారికి విడిగా వెళ్తుంది, జవాబు మీకే వస్తుంది. ఒక లిస్టులో 256 మంది దాకా పడతారు. అయితే మీ నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవారికే అది అందుతుంది. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. రెండు నెలలు పంపి, ఎవరూ పలకలేదని మానేస్తారు. అసలు సగం మందికి చేరనే లేదు. అందుకని మొదట ఒక్కొక్కరికి ఫోన్ చేసి, "వారానికోసారి తోట సంగతులు పంపుతాను, ఇష్టమైతే నా నంబరు సేవ్ చేసుకోండి" అని అడగండి. వద్దన్నవారికి పంపవద్దు.

మొదటి పేర్లు ఎక్కడి నుంచి వస్తాయంటే, పిల్లలు పనిచేసే ఆఫీసు, ఊరి నుంచి హైదరాబాద్, విజయవాడ వెళ్లి స్థిరపడినవాళ్లు, బడి మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు. ముప్పై పేర్లతో మొదలుపెట్టినా చాలు. వాటిని ఫోన్‌లోనే వదిలేయకుండా ఒక రిజిస్టరులో రాసుకోండి. పేరు, ఊరు, ఎన్ని పెట్టెలు, ఏమన్నారు అని నాలుగు గడులు గీస్తే సరిపోతుంది. బంధువులకు ఊరికే పంపే కాయల లెక్క వేరే పేజీలో ఉంచండి. రెండూ కలిపితే మొహమాటమే మిగులుతుంది.

టైపు చేయడం రానివారు కీబోర్డు మీద మైకు గుర్తు నొక్కి తెలుగులో చెబితే అదే రాస్తుంది. పంపే ముందు ఒకసారి చదువుకోండి, "పిందె" కాస్తా "పిండి" అయిపోతుంటుంది.

ఏం రాయాలి

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. నూజివీడు వైపు మూడెకరాల తోట ఉన్న ఒక రైతు మొదటి కబురు రాసిపెట్టమని నన్నే అడిగాడు. ముప్పై ఏళ్లుగా కరపత్రాలు రాసిన అలవాటు కదా, "నాణ్యమైన, రుచికరమైన, మేలైన యాజమాన్య పద్ధతులతో పండించిన మామిడి" అంటూ రాసిచ్చాను. ఒక్కరూ పలకలేదు. మరుసటి వారం ఆయనే తన మాటల్లో పంపాడు: "నమస్కారమండి. నిన్న రాత్రి మంచు బాగా కురిసింది. పూత మీద నీళ్లు నిలిచాయి. ఇలాగే వారం ఉంటే బూడిద తెగులు వస్తుంది. ఎండ రావాలని చూస్తున్నాం. ఫొటో ఈ ఉదయం తీసిందే." సాయంత్రానికి చాలామంది జవాబిచ్చారు. ఎండ వచ్చిందా అని ఒకావిడ మరుసటి రోజు ఫోన్ చేసి మరీ అడిగిందట. అప్పటి నుంచి నేను ఎవరికీ రాసివ్వడం లేదు.

తోటలో ఆ వారం జరిగిందే మీ విషయం. జనవరిలో పూత, తేనెమంచు పురుగు. ఫిబ్రవరిలో పిందె కట్టడం, రాలడం. చెట్టు తాను మోయగలిగినన్ని పిందెలే ఉంచుకుంటుందని పట్నంవారికి తెలియదు, ఆ ఒక్క సంగతే ఒక వారానికి సరిపోతుంది. మార్చిలో కాయ ఊరడం, నీటి తడులు, పండు ఈగకు కట్టిన ఎర బుట్టలు. కాయలకు కాగితపు సంచులు తొడిగితే ఆ ఫొటో తప్పకుండా పంపండి. ఫొటో మీ తోటదే అయి ఉండాలి. ఇంటర్నెట్‌లో దొరికిన నిగనిగలాడే కాయ బొమ్మ పెట్టారంటే, మీరు పంపిన పెట్టెను ఆ బొమ్మతోనే పోల్చి చూస్తారు.

ఉగాదికే పండు కావాలని అడిగేవాళ్లు ఉంటారు. ఆ వారం కబురు ఇలా ఉండవచ్చు: "ఉగాదికి మా తోటలో పచ్చడి కాయే ఉంటుందండి, పండు ఉండదు. బంగినపల్లి ముదరాలంటే కాయ భుజాలు తొడిమ కంటే పైకి లేవాలి, పచ్చదనం కొంచెం తేలికపడాలి. నీళ్లలో వేస్తే మునగాలి. ఇప్పుడు కోస్తే రంగు వస్తుంది, తీపి రాదు. ఏప్రిల్ చివరి దాకా ఆగండి." ఆ రోజు నాలుగు ఆర్డర్లు పోవచ్చు. పోనివ్వండి.

కోతకు వారం ముందు పంపే కబురు అన్నిటికంటే ముఖ్యం. ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం మాగబెట్టడం తెలియక వచ్చేవే. "పచ్చికాయే పంపుతున్నాం. పెట్టె రాగానే తెరవండి. కాయలు ఒకదానికొకటి ఒత్తుకోకుండా గడ్డిలో గానీ పేపరులో గానీ గాలి ఆడేచోట పెట్టండి. 5 నుంచి 8 రోజుల్లో మాగుతాయి, అన్నీ ఒకే రోజు మాగవు. రోజూ చూసి మాగినవి తీసుకోండి. పచ్చికాయను ఫ్రిజ్‌లో పెట్టవద్దు." ఈ మెసేజ్‌ను పెట్టెలో చిన్న కాగితం మీద కూడా రాసి పెట్టండి.

వడగళ్లు పడిన వారం

ఇందాక చెప్పిన రైతుకు రెండో ఏడాది ఏప్రిల్ మధ్యలో వడగళ్ల వాన తగిలింది. అప్పటికే యాభై పెట్టెల దాకా ఆర్డర్లు ఉన్నాయి. రాత్రి పది గంటలకు నాకు ఫోన్ చేశాడు. చెట్టు కింద కాయ పరుపులా పడి ఉందన్నాడు. ఈ వారం ఏమీ పంపను, సర్దుకున్నాక చూద్దాం అన్నాడు. సిగ్గు అనిపిస్తుందని కూడా అన్నాడు.

వడగండు తగిలిన కాయ చెట్టునే ఉన్నా నమ్మడానికి లేదు. కమిలిన చోట రెండు మూడు రోజుల్లో నల్లబడుతుంది. మాగేటప్పుడు కుళ్లు అక్కడే మొదలై పెట్టెలో పక్క కాయలకూ పాకుతుంది. ఆ సంగతి దాచి పంపితే వచ్చే ఏడాది ఆయన లిస్టులో ఎవరూ మిగలరు. మర్నాడు కింద పడిన కాయ ఫొటో తీసి ఇలా పంపాడు: "నిన్న రాత్రి వడగళ్లు పడ్డాయి. సగానికి పైగా కాయ పోయింది. చెట్టున ఉన్నవాటిలో దెబ్బలేనివి ఏరి చెబుతాను. అందరికీ రెండు పెట్టెలు ఇవ్వలేను, ఒక్కటే ఇస్తాను. ఆర్డరు వద్దనుకునేవాళ్లు చెప్పండి, అడ్వాన్సు రేపే వెనక్కి పంపుతాను. రాలిన కాయ పచ్చడికి, ఒరుగులకు పనికొస్తుంది, ఈ రెండు రోజుల్లో తోటకు వచ్చి తీసుకెళ్లేవారికి తక్కువ ధరకిస్తాం."

కొందరు డబ్బు వెనక్కి తీసుకున్నారు. ఎక్కువమంది ఒక పెట్టెకు ఒప్పుకున్నారు. ఆ ఏడాది ఆయనకు నష్టమే వచ్చింది, కబురు పంపినందుకు వడగళ్ల నష్టం తీరదు. కానీ మూడో ఏడాది ఆయన కొత్తగా ఎవరికీ ఫోన్ చేయాల్సిన పని పడలేదు.

రాయకూడనివి

"ఆర్గానిక్" అనే మాటను తేలిగ్గా వాడకండి. పీజీఎస్-ఇండియా గానీ ఎన్‌పీఓపీ గానీ సర్టిఫికెట్ ఉంటే ఆ సంగతి చెప్పండి. లేకపోతే చేసింది చెప్పండి చాలు. "పూత దశలో రెండుసార్లు మందు కొట్టాం, కాయ ఊరిన తర్వాత కొట్టలేదు" అంటే ఎవరూ పారిపోరు. మందు డబ్బా మీద రాసినన్ని రోజులు ఆగాకే కోస్తున్నామని తేదీతో చెప్పగలిగితే ఇంకా మంచిది. అందుకు స్ప్రే చేసిన తేదీలు రాసిపెట్టుకుని ఉండాలి.

కార్బైడ్‌తో మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడటానికి అనుమతి ఉంది. మీ కాయను రైపెనింగ్ ఛాంబర్‌లో పెట్టిస్తే ఆ మాట దాచాల్సిన పని లేదు. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అలాగని ఆ గుర్తింపు లోగోను మీ పెట్టె మీద వేసుకోకూడదు, అధీకృత వినియోగదారుగా నమోదైనవారికే ఆ హక్కు.

తాజా కాయ పండించి అమ్మే రైతుకు ఆహార భద్రత లైసెన్సు అక్కర్లేదు. ఆవకాయ, తాండ్ర, ఒరుగులు అమ్మాలనుకుంటే మాత్రం ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకున్నాకే వాటి కబురు పంపండి.

పక్క తోట కాయను, మార్కెట్ కాయను తక్కువ చేసి రాయవద్దు. వచ్చే ఏడాది మీకు కాయ చాలకపోతే తెచ్చుకోవాల్సింది ఆ పక్క తోట నుంచే. అలా తెచ్చినప్పుడు అది మీ తోటది కాదని ముందే చెప్పండి.

ఆర్డర్లు, డబ్బు, పార్సిల్

ధర ఒక్కసారి, స్పష్టంగా చెప్పండి. పెట్టె బరువు ఎంత, కాయ ధర ఎంత, కార్గో ఛార్జీ కలిపా విడిగానా అన్నది అదే మెసేజ్‌లో ఉండాలి. మార్కెట్ రేటు మధ్యలో పెరిగినా, తీసుకున్న ఆర్డర్లకు ధర మార్చవద్దు. ఫోన్‌పే, గూగుల్ పే ద్వారా డబ్బు తీసుకునేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పెద్ద ఆర్డరు అంటూ లింకు పంపి పిన్ అడిగినవాడు కొనడానికి వచ్చినవాడు కాదు.

కోసేటప్పుడు చిక్కం వాడి, తొడిమ రెండు మూడు అంగుళాలు ఉంచి కోయించండి. తర్వాత తొడిమ తుంచి, కాయను తలకిందులుగా పెట్టి సొన కారిపోనివ్వాలి. సొన మరకపడిన కాయ రుచి తగ్గదు, కానీ పెట్టె తెరిచినవారికి ఆ నల్లటి చారే కనిపిస్తుంది. గాలి రంధ్రాలున్న అట్టపెట్టె వాడండి. ఆర్టీసీ కార్గోలో వేస్తే రసీదు ఫొటో వెంటనే కొన్నవారికి పంపండి. తీసుకోవాల్సిన బస్టాండు పేరు కూడా రాయండి. శనివారం పంపితే వాళ్లు ఇంట్లో ఉంటారా, ఆఫీసు ఉన్న రోజు వెళ్లి తెచ్చుకోగలరా అన్నది ముందే అడగండి. ఎండలో ఒక రోజు గోడౌన్‌లో ఉన్న పెట్టె మీద మన పేరే ఉంటుంది మరి.

కాయ అయిపోయాక

జూన్‌లో ఆఖరి పెట్టె వెళ్లాక చాలామంది ఫోన్ పక్కన పడేస్తారు. అప్పుడు పంపాల్సిన కబురు ఇంకొకటి ఉంది. "మీ పెట్టెలో ఎన్ని కాయలు చెడిపోయాయో దయచేసి చెప్పండి" అని ఒక్కొక్కరినీ విడిగా అడగండి. వచ్చిన జవాబును రిజిస్టరులో వాళ్ల పేరు పక్కనే రాయండి. ఒకే బస్టాండుకు వెళ్లిన పెట్టెల్లో ఎక్కువ చెడితే తప్పు రవాణాది. ఒకే రోజు కోసిన కాయలో చెడితే కోతదో, సొనదో. రెండింటికీ మందు వేరు. కాయ ముచ్చిక దగ్గర కుళ్లిందన్న మాట పదేపదే వస్తే మీ రైతు సేవా కేంద్రంలో గానీ ఉద్యాన అధికారితో గానీ మాట్లాడండి, దానికి తోటలోనే జాగ్రత్త పడాలి.

వానాకాలంలో వారం వారం అక్కర్లేదు, నెలకొకటి చాలు. కోత అయ్యాక ఎండుకొమ్మలు తీసేసి ఎరువులు వేసేటప్పుడు ఫొటో తీసి పంపండి. మళ్లీ డిసెంబరులో మొగ్గ కనిపించిన వారం నుంచి మొదలు.