సూత్రపాఠ సవరణలు – వర్ణసంకేతములు

నేఁటి గణనయంత్రములకు భాషలు గలవు. ఆ భాషలకు వ్యాకరణములును గలవు. అందు సీప్లస్‌ప్లస్ అను భాషకు అంతర్జాతీయ ప్రమాణగ్రంథమే యున్నది. దాని వ్యాకరణమును మార్పఁగోరువారు, చేర్పవలసిన పదములను క్రింద గీఁత గీచి పచ్చరంగునను, తొలఁగింపవలసినవానిని అడ్డముగాఁ గొట్టివేసి యెఱ్ఱరంగునను జూపుట వాడుక. మూలము నల్లగానే యుండును. ఇది విన్న వైయాకరణునకు వార్తికకారుఁడు స్ఫురింపక మానఁడు.

కాత్యాయనుఁడు పాణినిసూత్రములకు సవరణలు చూపెను. ఆతనికి రంగులు లేవు, పదములే సంకేతములు. 'ఉపసంఖ్యానము' అన్నచోఁ జేర్పు. 'ప్రతిషేధము' అన్నచో నిషేధము. 'అనర్థకము' అన్నచో నా పద మక్కఱలేదని భావము. నోటఁ జెప్పి చెవితో నేర్చు శాస్త్రమునకు ఇంతకు మించిన యుపాయ మేది? రంగు చెవికి వినఁబడదు గదా!

ఆ సంకేతము జాఱిపోయినచో నేమగునో చూడుఁడు. 'సమ్' అను నుపసర్గతోఁ గూడిన గమి, ఋచ్ఛి ధాతువులకు ఆత్మనేపదమును విధించు సూత్ర మొకటి కలదు (1-3-29). కాత్యాయన పతంజలు లెఱిఁగిన పాఠమున నీ రెండు ధాతువులే యున్నవి. విది, ప్రచ్ఛి, స్వరతి, అర్తి, శ్రు అను నైదును వార్తికములవి. కాశికావృత్తియం దీ యైదును సూత్రములోనే కలిసిపోయినవి. కాశిక నొక్కదానినే చదివినవాఁడు ఏడింటిని పాణినియే చెప్పెనని తలఁచును. ఇట్టి మార్పులు కాశికలో మఱికొన్ని యున్నవని కీల్‌హార్న్ పండితుఁడు 1887లో నిరూపించెను. భట్టోజిదీక్షితుఁడు సిద్ధాంతకౌముదియందు రెండు ధాతువుల పాఠమునే నిలిపి, తక్కినవానిని వార్తికములుగఁ జూపుట మెచ్చఁదగినది.

కాగితపుఁ బ్రతులలో లేఖకులకు రంగులు చిక్కినవి. ఋగ్వేద ప్రతులలో స్వరచిహ్నములను ఎఱ్ఱసిరాతో వేసిరి. తప్పుపడిన యక్షరములపై హరితాళము పూసిరి. హరితాళము తప్పును గప్పును గాని, కప్పఁబడిన దేమో చదువనీయదు. అది తీర్పే గాని ప్రతిపాదన కాదు. మన తాటియాకులకు గంటపు గీఁతయు మసియుఁ దప్ప వేఱు గతి లేదు. విడిచిన యక్షరమును హంసపాదము పెట్టి పంక్తిపైఁ జేర్చిరి. అది లేఖకుఁడు మఱచినదో, చదువరి క్రొత్తగాఁ గూర్చినదో తర్వాతి లేఖకునకుఁ దెలియదు. రెండును మూలమున దిగును. మెదకుసీమకుఁ జెందిన కోలాచల మల్లినాథసూరి కాళిదాసకావ్యములందుఁ గొన్ని శ్లోకములను ప్రక్షిప్తములని విడఁదీయవలసివచ్చిన దిట్టి కారణములచేతనే.

ఇందూరున, ఒకప్పటి చెఱకుసీమ యగు బోధనున బాలుర వ్రాఁతలను ఎఱ్ఱసిరాతో దిద్దు పండితులు తాళపత్రముల నెత్తివ్రాయునపుడును ఆ సిరానే వాడవచ్చును. కాని యా ప్రతికి నలుపుతెలుపు నకలు తీసినచో మూలమును సవరణయు నొక్క రంగే యగును. పచ్చరంగుతోఁ బాటు గీఁతయు గీయుట యిందులకే పనికివచ్చును.