ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ

ట్రెయినింగ్ వితిన్ ఇండస్ట్రీ, పొట్టిగా టీడబ్ల్యూఐ, రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం ఫ్యాక్టరీల కోసం నడిపిన శిక్షణ కార్యక్రమం. 1940 ఆగస్టులో మొదలై, 1945లో యుద్ధంతోపాటే ముగిసింది. ఈలోగా 16,511 ఫ్యాక్టరీల్లో 17,50,650 మందికి ధ్రువపత్రాలిచ్చింది. ఇది గురిపెట్టింది కార్మికుల మీద కాదు, వాళ్లచేత పనిచేయించే ఫోర్‌మన్లు, సూపర్‌వైజర్ల మీద. పని నేర్పడం బయటినుంచి వచ్చే ఉపన్యాసకుడి వల్ల కాదని, రోజూ పక్కన నిలబడేవాళ్లకే అది చేతకావాలని టీడబ్ల్యూఐ పట్టుబట్టింది. ఉద్యోగుల శిక్షణ చరిత్రలో దీనికున్న స్థానం ఈ ఒక్క పట్టుదల వల్లనే.

పుట్టుక

యూరప్‌లో యుద్ధం మొదలయ్యాక అమెరికా ఫ్యాక్టరీలకు ఆయుధాల ఆర్డర్లు వచ్చిపడ్డాయి. పని తెలిసినవాళ్లు చాలలేదు. 1941 చివర అమెరికా కూడా యుద్ధంలోకి దిగాక ఉన్నవాళ్లలోనూ చాలామంది సైన్యానికి వెళ్లారు. వాళ్ల చోట్లోకి అంతకుముందు యంత్రం ముట్టుకోనివాళ్లు వచ్చారు, వారిలో ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. కార్యక్రమానికి ఛానింగ్ డూలీ డైరెక్టర్. వాల్టర్ డైట్జ్, మైకేల్ కేన్, విలియం కోనోవర్ ఆయన సహచరులు. నలుగురూ పరిశ్రమల నుంచి వచ్చినవాళ్లే.

పద్ధతి మాత్రం కొత్తది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నౌకానిర్మాణ కేంద్రాలకు పనివాళ్లను తయారుచేయడానికి చార్లెస్ అలెన్ నాలుగు మెట్ల బోధన పద్ధతిని వాడాడు. 1919లో దాన్ని పుస్తకంగా రాశాడు. టీడబ్ల్యూఐ దాన్నే తీసుకుని సానబెట్టింది.

తొలిరోజుల్లోనే ఎదురైన పరీక్ష కటకాలు అరగదీసే పనివాళ్ల కొరత. పూర్తిస్థాయి పనివాడు తయారవ్వాలంటే అయిదేళ్లు పడుతుందని ఆ వృత్తిలో అందరి నమ్మకం. టీడబ్ల్యూఐ బృందం పనిని దగ్గరుండి గమనిస్తే, ఆరితేరినవాళ్ల రోజులో చాలా భాగం ఎవరైనా చేయగల పనులకే పోతోందని తేలింది. వాటిని విడదీసి కొత్తవాళ్లకు అప్పగించారు. నిజంగా నైపుణ్యం కావలసిన పనులను మెట్లుగా విడగొట్టి నేర్పారు. అయిదేళ్ల శిక్షణ నెలల్లోకి వచ్చింది.

పని నేర్పే విధానం

కార్యక్రమానికి గుండెకాయ జాబ్ ఇన్‌స్ట్రక్షన్ అనే కోర్సు. పదిమంది సూపర్‌వైజర్లు, రోజుకు రెండు గంటల చొప్పున అయిదు తరగతులు. అంతే. మొదటి తరగతిలో శిక్షకుడు ఒక ముడి నేర్పేవాడు. కరెంటు దీపాల హోల్డర్లలో తీగ లాగినా ఊడిరాకుండా వేసే ముడి అది. ముందు ఒకరిని పిలిచి ఎలా వేయాలో నోటితో మాత్రమే చెప్పేవాడు, ఆ మనిషికి వచ్చేది కాదు. ఇంకొకరికి మాట్లాడకుండా వేసి చూపించేవాడు, అప్పుడూ కుదిరేది కాదు. ఆ తరవాత ఒక్కో మెట్టూ చేస్తూ, చెబుతూ, ఎక్కడ జాగ్రత్తపడాలో నొక్కిచెబుతూ నేర్పితే ముడి పడేది. సిద్ధాంతం గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పనవసరం లేకపోయింది.

నేర్పడానికి ముందే సూపర్‌వైజర్ ఆ పనిని కాగితం మీద రెండు వరసలుగా రాసుకోవాలి. ఒక వరసలో ముఖ్యమైన మెట్లు, రెండోదాంట్లో వాటికి ఎదురుగా కీలకాంశాలు. పని చెడగొట్టేది, దెబ్బ తగిలించేది, పనిని తేలిక చేసే కిటుకు, ఈ మూడే కీలకాంశాల కిందికి వస్తాయి. అనుభవం ఎక్కువున్నవాళ్లకే ఈ కాగితం రాయడం కష్టమవుతుంది. ఎంత ఉప్పు వేయాలని అడిగితే ‘తగినంత’ అనే వంటమనిషిలాగే, వాళ్ల చేతికి తెలిసింది నోటికి రాదు.

ఇక నేర్పడంలో నాలుగు మెట్లు. నేర్చుకునేవాళ్ల బెరుకు పోగొట్టి, వాళ్లకు ఎంతవరకు తెలుసో కనుక్కోవడం మొదటి మెట్టు. పని చేసి చూపించడం రెండోది. మూడో మెట్టులో వాళ్లచేత చేయించాలి, తరవాత మళ్లీ చేయిస్తూ ప్రతి కీలకాంశాన్నీ వాళ్ల నోటితోనే చెప్పించాలి. ‘అర్థమైందా?’ అనడిగి, తలూపితే వదిలేయడానికి వీల్లేదు. చివరి మెట్టులో వాళ్లను సొంతంగా పనిలో పెట్టి, సందేహం వస్తే ఎవరినడగాలో చెప్పి, పదేపదే చూస్తూ, క్రమంగా పర్యవేక్షణ తగ్గించాలి. నేడు చాలాచోట్ల శిక్షణ రెండో మెట్టుతోనే ఆగిపోతుంది. నేర్చుకునేవాళ్లకు పని రాలేదంటే లోపం నేర్పినవాళ్లదేనన్నది టీడబ్ల్యూఐ సూత్రం. జేబులో పెట్టుకునే చిన్న కార్డు మీద దాన్ని అచ్చువేసి ఇచ్చేవారు.

తరవాత ఇంకో రెండు కోర్సులు చేరాయి. ఉన్న యంత్రాలతో, ఉన్న మనుషులతోనే పనితీరు మెరుగుపరచడం జాబ్ మెథడ్స్ విషయం. పనివాళ్లతో తగాదాలు రాకుండా చూసుకోవడం, వస్తే తీర్చడం జాబ్ రిలేషన్స్ విషయం. ప్రోగ్రామ్ డెవలప్‌మెంట్ అనే మరో కోర్సు శిక్షణ అధికారుల కోసం. ఏ విభాగంలో ఉత్పత్తి ఎక్కడ చిక్కుపడుతోందో ముందు కనిపెట్టాలని, దాన్నిబట్టే శిక్షణ రూపొందించాలని, ఫలితాన్ని అక్కడే చూసుకోవాలని అది చెప్పింది. పేరు పొందింది మిగతావే అయినా, శిక్షణ రూపకల్పన చేసేవాళ్లకు ఎక్కువ పనికొచ్చేది ఇదే.

వ్యాప్తి, ఫలితాలు

కొద్దిమందికి నేర్పి, వాళ్లచేత మరికొందరికి నేర్పించి, అలా లక్షలమందిని చేరడం డూలీ బృందం ఎత్తుగడ. చేతులు మారేకొద్దీ విషయం పలచబడుతుంది కాబట్టి, శిక్షకులు అచ్చయిన కరదీపికను దాటి సొంత కవిత్వం కలపకూడదని కట్టడి చేశారు.

టీడబ్ల్యూఐ గమనించిన కంపెనీల్లో 86 శాతం, ఉత్పత్తి కనీసం 25 శాతం పెరిగిందని చెప్పాయి. ఇవి కంపెనీలు తమ గురించి తాము ఇచ్చిన లెక్కలు, పైగా యుద్ధకాలంలో ఉత్పత్తి పెరగడానికి వేరే కారణాలూ ఉన్నాయి. అయితే, అడిగిన ప్రశ్న సరైనదని ఒప్పుకోవాలి. కోర్సు నచ్చిందా అని కాకుండా, ఫ్యాక్టరీలో ఏం మారిందని అడిగారు. స్పందన, నేర్చుకున్నది, ప్రవర్తన, ఫలితం అనే నాలుగు స్థాయుల్లో శిక్షణను తూచాలని డొనాల్డ్ కర్క్‌పాట్రిక్ రాసింది దీని తరవాతే, 1959లో.

యుద్ధం ముగియగానే ప్రభుత్వ నిధులు ఆగాయి, సైనికులు పాత ఉద్యోగాలకు తిరిగొచ్చారు, పోటీ లేని అమెరికా కంపెనీలకు ఈ శ్రమ అనవసరమనిపించింది. జపాన్ పరిస్థితి వేరు. అమెరికా ఆక్రమణ కాలంలో, 1951లో, ఒహాయోకు చెందిన లోవెల్ మెలెన్ బృందం అక్కడికి వెళ్లి ఈ కోర్సులు నేర్పింది. టొయోటా వాటిని అందిపుచ్చుకుంది. జాబ్ మెథడ్స్‌ను కొన్నేళ్లకే పక్కనపెట్టినా, జాబ్ ఇన్‌స్ట్రక్షన్‌ను మాత్రం వదల్లేదు. పనిని నిరంతరం కొద్దికొద్దిగా మెరుగుపరచుకునే జపాన్ పద్ధతి కైజెన్. దాని మూలాల్లో టీడబ్ల్యూఐని లెక్కించే పరిశోధకులున్నారు.

2000 తరవాత న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ కేంద్రంగా ఈ కోర్సులు అమెరికాలో మళ్లీ మొదలయ్యాయి. ఈసారి ఆసుపత్రులు కూడా వీటిని తీసుకున్నాయి. సియాటిల్‌లోని వర్జీనియా మేసన్ ఆసుపత్రి సిబ్బందికి చేతులు కడుక్కోవడం నేర్పడానికి వాడింది ఆ నాలుగు మెట్లనే.