ఉజ్బెకు దేశము: ఆజ్ఞయు, అక్షరమును

ఆసియాఖండపు నడిమిభాగమున, పామీరు పర్వతముల కావల, ఉజ్బెకిస్థానమను దేశము కలదు. ఈ దేశమును పటములో గుర్తింపజాలనివారు సైతము దాని రాజధానియగు తాష్కెంటు పేరును మఱచియుండరు. 1966వ సంవత్సరము జనవరి 10వ తేదీని లాల్ బహదూర్ శాస్త్రిగారు పాకిస్థానాధ్యక్షుడగు అయూబ్ ఖానుతో సంధిపత్రము వ్రాసికొని, ఆ రాత్రి తెల్లవాఱకముందే గతించినది ఆ నగరముననే. మొగలాయి రాజ్యమును స్థాపించిన బాబరు 1483లో జన్మించిన అందిజాను పట్టణమును ఈ దేశములోనిదే. ఇట్లు మన చరిత్రతో ముడిపడియున్నను, ఆ దేశపు ప్రజల వృత్తాంతమును మనలో చదువువారు తక్కువ. అది చదువదగినదని మేము తలంచుటకు వేఱొక కారణము కలదు. గడచిన నూఱేండ్లకు పైబడిన కాలములో, ఒక జనమును మార్చుటకు మనుష్యు లెఱిగిన రెండు మార్గములును అక్కడ పరీక్షింపబడెను. ఉపాధ్యాయుడు బడి తెఱచి చూచెను. ప్రభుత్వము ఆజ్ఞ వెలువరించి చూచెను. వానిలో నేది నిలిచినదో, దేనికి ఎవరు వెల చెల్లించిరో తెలిసికొనుట సంస్కారాభిమానులగు చదువరులకు అవసరము.

ముందుగా దేశస్వరూపమును చూతము. దీని వైశాల్యము సుమారు 4,48,000 చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య మూడున్నర కోట్లకు మించినది. ఇచ్చటినుండి ఏ దిక్కున బయలుదేఱినను, మహాసముద్రమును చేరుటకు కనీసము రెండు పరదేశముల సరిహద్దులు దాటవలసినదే. ఇట్టి స్థితిగల దేశములు భూమిమీద రెండే కలవు. రెండవది ఐరోపాలోని లీచెన్‌స్టెయిన్ అను చిన్న సంస్థానము. భూమిలో పెద్దభాగము కిజిల్‌కుమ్ అను ఎడారి. ఆ పేరునకు ఎఱ్ఱయిసుక యని యర్థము. పామీరు కొండలనుండి అమూ నదియు, తియాన్‌షాన్ కొండలనుండి సిర్ నదియు దిగివచ్చి, ఎడారిగుండ ప్రవహించి, అరల్ సముద్రమను పెద్ద సరస్సులో కలియుచుండెడివి. జరఫ్‌షాన్, అనగా బంగారము వెదజల్లునది, సమర్‌ఖందును బుఖారాను పోషించుచున్నది. తూర్పున ఫర్గానా లోయ పండ్లతోటలకును పట్టునకును ప్రసిద్ధము. ఆ దేశమున వానను నమ్మి బ్రతుకువారు కొలది. కాలువను నమ్మి బ్రతుకువారు అనేకులు. కావున నీటిని పంచువానికే అధికారము దక్కుచుండుట అచ్చటి చరిత్రమున అడుగడుగునను కానవచ్చును.

ప్రజలలో అయిదింట నాలుగుపాళ్ళకు పైగా ఉజ్బెకులు. వారి భాష తురుష్కభాషాకుటుంబములోనిది. సమర్‌ఖందు, బుఖారా నగరములలో పారసీకమునకు దగ్గఱయగు తాజికు భాష మాటలాడువారు మెండు. పశ్చిమోత్తరమున కరకల్పాకు లను వేఱొక జాతి కలదు. అందఱిలో అధికసంఖ్యాకులు సున్నీ మహమ్మదీయులు. ఒకప్పుడు ఈ నేల విద్యకు నెలవు. బీజగణితమునకు పేరు తెచ్చిన అల్ ఖ్వారిజ్మీ పూర్వులు ఇచ్చటి ఖ్వారిజ్మువారు. సంస్కృతము నభ్యసించి మన శాస్త్రములగుఱించి గ్రంథము వ్రాసిన అల్ బెరూనీ 973లో ఆ ఖ్వారిజ్ముననే పుట్టెను. తైమూరు మనుమడగు ఉలూగ్ బేగు సమర్‌ఖందున వేధశాల కట్టించి, వేయికి పైగా నక్షత్రముల స్థానములను 1437 నాటి పట్టికలో కూర్చెను. కాని సముద్రమార్గములు తెఱవబడిన పిమ్మట ఒంటెల బిడారులు తగ్గెను, నగరములు బీదవయ్యెను, బుఖారా, ఖీవా, కోకందు అను మూడు రాజ్యములు తమలో తాము పోరాడుచు క్షీణించెను. రుష్యా చక్రవర్తి సేనలు 1865లో తాష్కెంటును, 1868లో సమర్‌ఖందును పట్టుకొనెను. 1876 నాటికి కోకందు రాజ్యము మాసిపోయెను. తక్కిన రెండును సామంతరాజ్యములై మిగిలెను.

ఈ పరాజయము కొందఱిని ఆలోచింపజేసెను. మన జను లేల వెనుకబడిరి యని వారు ప్రశ్నించుకొనిరి. బడియే కారణమని వారికి తోచెను. నాటి పాఠశాలలో బాలుడు అక్షరముల పేర్లను, తన కర్థముకాని పాఠములను ఏండ్లతరబడి వల్లించుచుండెను. చాలకాలము కూర్చుండియు ఒక జాబు చదువలేనివారు ఉండిరి. క్రొత్త యుపాధ్యాయులు అక్షరమును దాని ధ్వనితో నేర్పిరి, నల్లబల్ల పెట్టిరి, గణితమును భూగోళమును చెప్పిరి. కొన్ని నెలలలోనే పిల్లలు చదువసాగిరి. ఈ క్రొత్తపద్ధతిని ఉసూలె జదీద్ అనిరి. దాని నవలంబించినవారికి జదీదులని పేరు వచ్చెను. బాలుడు మొదటిసారి తనంతట తాను ఒక వాక్యమును చదివినప్పుడు వాని మొగమున కలుగు వెలుగు ఎట్టిదో బడిపంతులమగు మేమెఱుగుదుము. ఆ వెలుగే జదీదుల బలము.

వారిలో మొదట చెప్పదగినవాడు సమర్‌ఖందువాసియగు మహమూద్ ఖోజా బెహ్బూదీ. ఆయన బడులకు పుస్తకములు వ్రాసెను, పత్రిక నడపెను, "పితృహంత" యను నర్థముగల నాటకము రచించెను. 1914లో సమర్‌ఖందున ప్రదర్శింపబడిన ఆ నాటకమున, ఒక ధనికుడు కుమారునకు చదువు చెప్పింప నిరాకరించును. చదువులేని ఆ కుమారుడు దుస్సహవాసమున బడి, డబ్బుకొఱకు తండ్రి హత్యకే కారకుడగును. బుఖారావాడగు అబ్దుర్రవూఫ్ ఫిత్రత్ చేసిన యుక్తి మనకు మఱింత ఆసక్తికరము. తన నగరపు లోపములను తానే చెప్పిన వినువారు లేరని కాబోలు, ఆయన ఒక హిందూదేశపు యాత్రికుని కల్పించి, వాని కన్నులతో బుఖారాను చూపించుచు ఒక గ్రంథము వ్రాసెను. వీధుల మురికియు, వైద్యుల అజ్ఞానమును, అధికారుల లంచగొండితనమును మనవాని నోట పలికించెను. ఆడపిల్లలకును చదువు కావలెనని ఈ జదీదులు వాదించిరి. ఛాందసులగు మతాచార్యులు వారిని మతద్రోహులనిరి. రుష్యా యధికారులు రాజద్రోహులని శంకించిరి. 1919లో బెహ్బూదీని బుఖారా అమీరు మనుష్యులు పట్టుకొని చంపిరి.

1917 విప్లవము తరువాత అధికారము బోల్షివిక్కుల కబ్బెను. 1920లో అమీరు పాఱిపోయెను. 1924 అక్టోబరులో ఉజ్బెకు సోవియట్ గణరాజ్యము ఏర్పడెను. మొదట అనేకులగు జదీదులు ఈ ప్రభుత్వమున చేరి బడులు పెంచిరి. కాని క్రొత్త పాలకులకు బడి నడక మందముగా తోచెను. నాడు పట్టణములలోని స్త్రీలు తలనుండి పాదములవఱకు పరంజీ యను వస్త్రమును, మొగముపై గుఱ్ఱపువెంట్రుకలతో నేసిన తెఱను ధరించుచుండిరి. 1927 మార్చి 8వ తేదీని ప్రభుత్వము "హుజూమ్", అనగా దాడి, యను పేర ఒక ఉద్యమము నారంభించెను. నగరకూడళ్ళలో సభలు జరిపి, స్త్రీలచే ముసుగులు తీయించి, కుప్పగా పోసి కాల్పించిరి. పక్షములోని పురుషులు తమ భార్యల ముసుగులు తీయింపవలెనని నిర్బంధించిరి.

కూడలిలో మంట ఆఱినతరువాత ఆ స్త్రీ ఇల్లు చేరవలెను గదా! అచ్చట ఆమెకు రక్షణ లేదు. తండ్రులు, భర్తలు, సోదరులు, ఇరుగుపొరుగువారు ఆయుధములు పట్టిరి. 1927 మొదలు 1929 వఱకు సుమారు 2,000 మంది స్త్రీలు చంపబడిరని చరిత్రకారులు లెక్కింతురు. ముసుగులేక రంగస్థలమున నాట్యమాడిన తొలి యువతులలో నొకతెయగు నూర్‌ఖోన్‌ను 1929లో సొంత సోదరుడే పొడిచి చంపెను. ముసుగు తీసినవారిలో అనేకులు ప్రాణభీతిచే మరల ధరించిరి. స్త్రీకి స్వాతంత్ర్యమిచ్చితిమని చెప్పుకొన్న యధికారులు ఆమె సమ్మతిని పూర్తిగా అడుగలేదు. ఆమెను చంపబోవువానిని అడ్డగింపనులేదు. ఆచారము ముసుగును బలవంతముగా కప్పెను; ఆజ్ఞ దానిని బలవంతముగా లాగెను. నడుమ నలిగినది ఆమెయే.

ఇంతకంటెను విచారకరమగు విషయ మొకటి కలదు. 1938 అక్టోబరు 4వ తేదీని, తాష్కెంటున, ఫిత్రత్‌ను, కవియగు చోల్పాన్‌ను, ఉజ్బెకు భాషలో మొదటి నవలను వ్రాసిన అబ్దుల్లా ఖాదిరీని ప్రభుత్వము కాల్చి చంపెను. జాతీయవాదులని వారిపై నేరము. ముసుగులు కాల్పించిన ప్రభుత్వమే, ఆడపిల్లలకు అక్షరములు నేర్పుడని మునుముందు పలికినవారిని మన్నుచేసెను. లిపికిని ఇదే గతి పట్టెను. అరబ్బీ లిపి పోయి 1929 ప్రాంతమున లాటిన్ లిపి వచ్చెను. 1940లో దానిని తీసి రుష్యా లిపి పెట్టిరి. 1993లో మరల లాటిన్ లిపికై చట్టము చేసిరి. తాత వ్రాసిన జాబును మనుమడు చదువలేని యిల్లు ఆ దేశమున సామాన్యమయ్యెను.

అయినను సోవియట్ కాలమున మేలు జరుగలేదనుట న్యాయము కాదు. ఊరూర బడులు, వైద్యశాలలు వెలసెను. స్త్రీలు వైద్యులును ఉపాధ్యాయులును ఐరి. నిరక్షరాస్యత దాదాపు నశించెను. పరంజీయు కాలక్రమమున కనుమఱుగయ్యెను. దానిని తుదకు తీసినది కూడలిలోని మంట కాదు. బడికి వెళ్ళిన కూతురును, జీతము తెచ్చిన తల్లియునని మా యభిప్రాయము.

ఆజ్ఞామార్గమునకు ప్రత్తిపంట రెండవ నిదర్శనము. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధముచే ప్రత్తి కఱవై, రుష్యా మిల్లుల దృష్టి ఈ నేలపై బడెను. సోవియట్ పాలకులు దీనిని మఱింత పెంచి, ధాన్యమును తోటలను త్రోసివైచి, "తెల్ల బంగారము" పండింపుడని శాసించిరి. నదుల నీరంతయు కాలువలకు మళ్ళెను. 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో, లోకమునందలి సరస్సులలో నాలుగవదైన అరల్ సముద్రము నేడు అందు పదియవవంతు మాత్రమే మిగిలినది. చేపలరేవైన మొయ్నాకులో పడవలు ఇసుకపై తుప్పుపట్టి నిలిచినవి. ఎండిన నేలమీది ఉప్పుధూళి ఊళ్ళపై పడి జనులకు రోగములు తెచ్చుచున్నది. పంట తగ్గినను లెక్క తగ్గరాదు గావున, అధికారులు పండని ప్రత్తిని కాగితముపై పండించిరి. 1980 తరువాత ఈ మోసము బయటపడి దేశమంతయు అల్లకల్లోలమయ్యెను.

1991 ఆగస్టు 31వ తేదీని ఉజ్బెకిస్థానము స్వతంత్రమయ్యెను. కాని ఆజ్ఞాపించు అలవాటు దాస్యముతో కూడ పోలేదు. తొలి యధ్యక్షుడగు ఇస్లామ్ కరీమోవ్ 2016లో మరణించువఱకు పాలించెను. 2005 మే నెలలో అందిజానున జరిగిన కాల్పులలో ప్రభుత్వపు లెక్కనుబట్టియే 187 మంది మరణించిరి. ప్రతి శరదృతువునను విద్యార్థులను, ఉపాధ్యాయులను, వైద్యులను ప్రత్తిచేలకు తోలుచుండిరి. తదుపరి యధ్యక్షుడగు షౌకత్ మిర్జియోయెవ్ కాలమున ఈ వెట్టి తగ్గెను; 2021 నాటి కోతలో వ్యవస్థాగతమగు నిర్బంధము లేదని అంతర్జాతీయ కార్మికసంస్థ ప్రకటించెను. గృహహింస నేరమని 2023లో చట్టము వచ్చెను. రాజ్యాంగమున శాసనసభ, సెనేటు అను రెండు సభలు కలవు. పండ్రెండు మండలములును, తాష్కెంటు నగరమును, కరకల్పాకుల స్వపరిపాలిత గణరాజ్యమును కలవు. కాని అధికారము అధ్యక్షునియందే కేంద్రీకృతము. 2022 జులైలో కరకల్పాకుల హక్కులను తగ్గింపబూనగా ప్రజలు తిరుగబడిరి, అనేకులు చనిపోయిరి, ప్రతిపాదన విరమింపబడెను. ప్రజలను అడుగక చేయు మార్పునకు ఫలమెట్టిదో మఱల తెలిసెను.

చదువరులారా! సంస్కారము ఆలస్యమగుచున్నదని మనము విసుగుచెంది, ప్రభుత్వమే ఒక్క ఉత్తరువుతో అన్నియు సరిచేసిన బాగుండునని తలంచుట కలదు. చట్టము అక్కఱలేదని మేము చెప్పము. కొట్టువాని చేతిని పట్టుటకు చట్టము కావలెను. కాని ఎవరి మేలుకొఱకు చట్టము చేయుదుమో, వారి నోటినుండి ఒక మాటయైన వినక చేసిన మేలు, వారి గడప దాటునప్పటికి కీడుగా మాఱవచ్చును. బెహ్బూదీని చంపిరి, ఫిత్రత్‌ను చంపిరి, వారు వ్రాసిన లిపిని సైతము మాపిరి. అయినను స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఉజ్బెకులు తమ బడులలో మరల చదువుకొనుచున్నది ఆ చంపబడినవారి గ్రంథములనే. కాల్పించినవారి ఉత్తరువులను ఇప్పుడు చరిత్రకారులు తప్ప చదువువారు లేరు.