రీలోడ్ కొట్టేముందు

రాత్రి ఒకటిన్నర. ఒంటిమిట్ట. గదిలో ఉక్క, చొక్కా వీపుకు అంటుకుపోయింది. బయట కోదండరాముడి కల్యాణానికి పందిళ్లు వేస్తున్నారు. మూడు రోజుల్లో వెన్నెల్లో ఆ పెళ్లి చూడ్డానికి జనం పోటెత్తుతారు. సీసీ కెమెరాలు, కౌంటర్లు, కంట్రోల్ రూమ్, అన్నీ నీ ముందున్న ఈ రెండు రౌటర్ల మీదే నడవాలి. రెండింటికీ ప్యాచ్ పడలేదు.

వదిలేస్తే? 2023 అక్టోబరులో సిస్కో రౌటర్ల సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ ఎక్స్‌ఈ నిర్వహణ వెబ్ పేజీలో బయటపడ్డ లోపం తీవ్రత పదికి పది. ఆ పేజీ ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటే చాలు, పాస్‌వర్డ్ లేకుండానే దొంగలు అడ్మిన్ ఖాతా తెరుచుకున్నారు. ప్రపంచమంతటా వేలాది పరికరాలు అలా పరుల పాలయ్యాయి. నీ రౌటర్లలోనూ ఆ పేజీ తెరిచే ఉంది.

చిన్న రౌటర్‌తో మొదలుపెడుతున్నావు. కాన్ఫిగ్ కాపీ ల్యాప్‌టాప్‌లోకి తీశావు. ఫ్లాష్‌లో చోటు చాలడం లేదు. పాత సాఫ్ట్‌వేర్ ఇమేజ్ చెరిపేద్దామా? వేలు ఎంటర్ మీదే ఉంది. వద్దు. పాత లాగ్ ఫైళ్లు తీసేస్తున్నావు. కొత్త ఇమేజ్ ఎక్కింది. ఎండీ5 చెక్‌సమ్ సరిపోయింది. కన్సోల్ కేబుల్ గుచ్చావు.

రీలోడ్.

పింగ్ ఆగింది. ఫ్యాన్లు హోరెత్తాయి. ఒక నిమిషం. మూడు. ఏడు.

రావడం లేదు.

ఇదే పని కడపలో కూర్చుని దూరం నుంచి చేసుంటే ఇప్పుడు నీకేమీ కనిపించదు. 2023 నవంబరు 8న ఒక సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ తర్వాత ఆస్ట్రేలియా టెలికాం సంస్థ ఆప్టస్ రౌటర్లు దాదాపు 90 తమంతట తామే నెట్‌వర్క్ నుంచి విడిపోయాయి. దూరం నుంచి అందలేదు. కొన్నిచోట్లకు మనుషులే వెళ్లాల్సి వచ్చింది. సుమారు కోటి మందికి ఫోన్లు మూగబోయాయి.

తెరమీద ఒకటే మాట. రోమ్‌మాన్. అంటే కొత్త ఇమేజ్ బూట్ కాలేదు. గుండె దడ. చేతులు తడి. పాత ఫైలు పేరు టైప్ చెయ్. అక్షరం తప్పొద్దు. ఎంటర్.

కదిలింది. లైట్లు పచ్చబడ్డాయి. పింగ్ వచ్చింది.

ఇక పెద్దది. ఫోన్‌లో సీనియర్‌ను అడుగుతున్నావు: "అన్నా, దీన్నీ కొట్టమంటావా?"

"ఇప్పుడొద్దుబ్బా. కల్యాణం కానీ. ఆ వెబ్ పేజీ మూసెయ్."

ఆయన మాటే సరైనది. హెచ్‌టీటీపీ సర్వర్, సెక్యూర్ సర్వర్, రెండు రౌటర్లలోనూ ఆపెయ్. కాన్ఫిగ్ సేవ్ చెయ్. ఇది తాత్కాలికం. ఆ ఒక్క దారే మూతపడింది, పాత సాఫ్ట్‌వేర్‌లోని మిగతా లోపాలు అలాగే ఉన్నాయి. పండగ దాటగానే మళ్లీ రా. ఈసారి ఇమేజ్‌ను అదే మోడల్ విడి రౌటర్ మీద ముందే బూట్ చేసి చూసుకుని రా.