పాత్రధారణ నుంచి కథారచనకు: గంజాం, బరంపురం

ఒక పాత్రను తలకెత్తుకుని, ఆ పాత్రలాగే మాట్లాడుతూ, ఎదుటివాళ్ల మాటను బట్టి తన మాట మార్చుకుంటూ సాగించే ఆటను పాత్రధారణ క్రీడ అంటారు. 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చాక రోల్ ప్లేయింగ్ గేమ్ అనే పేరు వాడుకలో స్థిరపడింది. ఇలాంటి ఆటలు ఆడినవాళ్లు ఆ తర్వాత నవలలు రాయడం చాలా దేశాల్లో జరిగింది. వేషం కట్టి ఆడిన కథ రాతలోకి ఎక్కడం మాత్రం అంతకన్నా చాలా పాతది. ఒడిశాలోని గంజాం జిల్లాలో, బరంపురం పట్టణంలో ఆ దారిని దగ్గర నుంచి చూడవచ్చు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. శ్రీకాకుళం కూడా అప్పట్లో ఆ జిల్లాలోదే. ఇక్కడి వేషాల చరిత్రను తెలుగు వాటా, ఒడియా వాటా అని పంచడం వృథా ప్రయాస.

మొక్కు వేషాలు

చైత్రంలో జరిగే దండనాటలో దీక్ష పట్టినవాళ్లను దండువాలంటారు. 13, 18 లేదా 21 రోజుల పాటు పగలు ఎండలో ధూళిదండం, నీళ్లలో పాణిదండం చేస్తారు. చీకటి పడ్డాక వేషాలు మొదలవుతాయి. శివపార్వతులు, జోగి, పిట్టలు పట్టే చడెయా చడెయాణి, అడవి నుంచి వచ్చిన పత్రసవర జంట ఒకరి తర్వాత ఒకరు వస్తారు. పాటలు తరాలుగా వస్తున్నవే. పాటకూ పాటకూ నడుమ నడిచే వాదులాట, ఎత్తిపొడుపు, ఎగతాళి మాత్రం వేసేవాళ్ల నోటి చలవ. మొగుణ్ని పెళ్లాం ఎంత దులపాలన్నది చూస్తున్న జనం నవ్వును బట్టి తేలుతుంది. మేష సంక్రాంతితో దీక్ష ముగుస్తుంది, ఆ మాటలూ అక్కడితో గాలిలో కలుస్తాయి.

బరంపురంలో రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర తీరు వేరు. బుఢీ ఠాకురాణిని ఊరి ఆడపడుచుగా కొలుస్తారు. రాజమహేంద్రవరం వైపు నుంచి మహురి రాజు పిలుపు మీద వచ్చారని చెప్పుకునే తెలుగు నేతగాళ్లైన దేరాల పెద్దను దేశీ బెహెరా అంటారు. అమ్మవారికి పుట్టిల్లు ఆయన ఇల్లే. ఆమె పుట్టింట్లో ఉన్నన్ని రోజులూ ఊరు వేషాలతో నిండిపోతుంది. మొక్కు తీరినవాళ్లు పులివేషం కడతారు. ఒంటికి పసుపు రంగు పూసి, దాని మీద నల్లచారలు దిద్ది, తోక కట్టుకుని డప్పుల వెంట వీధుల్లో ఆడతారు. పురాణ పాత్రలు కట్టేవాళ్లూ ఉంటారు. ఇందులో కథ తక్కువ, పాత్ర ఎక్కువ. వేషగాడికి మొక్కే ముఖ్యం గనుక కథ ఎటు పోయినా అతనికి పట్టింపు లేదు. రచన వైపు చూస్తే ఠాకురాణి యాత్రకన్నా దండనాటే ఒక మెట్టు దగ్గర.

ప్రహ్లాద నాటకం

గంజాం వేషాలలో గ్రంథం దాకా వచ్చిన గట్టి ఉదాహరణ ప్రహ్లాద నాటకం. 19వ శతాబ్దం రెండో సగంలో జలంతర సంస్థానాధీశుడు రామకృష్ణ ఛోటరాయ్ దీన్ని రచించాడని ప్రసిద్ధి. రాసింది ఆస్థానకవి గౌరహరి పరిచ్ఛా అనే వాదమూ ఉంది. ఆ జలంతర ఇవాళ శ్రీకాకుళం జిల్లా కంచిలి మండలంలోని జలంత్రకోట. పాటలు ఒడియాలో, శ్లోకాలు సంస్కృతంలో నడుస్తాయి. రాగాల వరసలో, నడకలో దక్షిణాది యక్షగానం పోలికలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రాసింది ఎవరన్నది తేలినా తేలకపోయినా, తెలుగు వీధినాటకం సంగతి తెలియని చేతులు ఈ నాటకాన్ని ఇలా కట్టి ఉండవని మాత్రం చెప్పవచ్చు.

ఆట తెల్లవార్లూ సాగుతుంది. పూర్వం వారం రాత్రుల పాటు ఆడేవారంటారు. రంగస్థలం వెనకవైపు చెక్కతో మెట్లు మెట్లుగా ఒక వేదిక కడతారు, దాని కొసన హిరణ్యకశిపుడి సింహాసనం ఉంటుంది. బరువైన కిరీటంతో, ఆభరణాలతో ఆ వేషగాడు ఇరుకైన మెట్ల మీద గంతులు వేస్తూ దిగుతాడు, ఎక్కుతాడు. రాజు పొగరు మొత్తం ఆ కాళ్లలోనే కనబడాలి. చివరన నరసింహుడి ముసుగు వస్తుంది. దాన్ని మామూలు రోజుల్లో పూజలో ఉంచుతారు. అది పెట్టుకున్నవాడికి పూనకం వస్తుంది. హిరణ్యకశిపుడి మీద నిజంగానే పడిపోకుండా మనుషులు పట్టుకుని ఆపుతారు. ఈ పూనకాన్నీ నటననూ పక్కపక్కన పెట్టి చూసిన అమెరికన్ రంగస్థల పండితుడు జాన్ ఎమీ 1996లో ముసుగు ప్రదర్శనల మీద తెచ్చిన పుస్తకంలో ఈ నాటకానికి పెద్ద చోటిచ్చాడు.

ఇంత సందడిలో చూపు నిలవని మనిషి ఒకడున్నాడు: గాహకుడు. పాట ఎత్తుకునేది, కథ చెప్పేది, ఎవరు ఎప్పుడు రావాలో నడిపించేది అతనే. వేషగాళ్లకు తమ పాత్రే తెలిస్తే చాలు, గాహకుడికి అందరి పాత్రలూ తెలియాలి. తన వంతు వచ్చేదాకా నరసింహుడికి కథతో పని లేదు, గాహకుణ్ని కథ ఒక్క క్షణం కూడా వదలదు. మేళం మారితే పాఠమూ కొంత మారుతుంది. చేర్పులు, తీసివేతలు, ఒక పాట స్థానంలో మరొకటి వస్తుంటాయి. ఆటకూ రాతకూ మధ్య నిలబడ్డవాడు ఇతనే. పాత్ర వేసినవాడు రచయిత అవుతాడనుకోవడం పొరపాటు. ఎక్కువసార్లు రచన వైపు అడుగువేసేది ఆట నడిపినవాడే. వేరే దేశాల చరిత్ర కూడా ఈ మాటనే బలపరుస్తోంది.

మాట్లాడే భాష పుస్తకంలోకి

వేషంలో పలికిన మాట కథలోకి రావాలంటే ముందు ఆ మాటకు పుస్తకంలో చోటుండాలి. ఆ పోరాటమూ ఈ చుట్టుపక్కలే జరిగింది. 1880లో పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు రామమూర్తి అడవుల్లోని సవరల నోటి వెంట వాళ్ల భాష నేర్చుకుని, పాటలూ కథలూ రాసుకున్నారు. 1931లో ఆయన సవర భాషా బోధిని వెలువడింది. దండనాటలో నవ్వించడానికి వచ్చే సవర వేషానికి అసలు మనిషిని, అసలు మాటను కాగితం మీద నిలిపింది ఆయనే అనుకుంటే తప్పులేదు. సవర మాటను విన్న ఆ చెవే తెలుగులోనూ వాడుకభాష కోసం వాదించింది.

పక్కనే విజయనగరంలో గురజాడ అప్పారావు కన్యాశుల్కం 1892లో ప్రదర్శనకెక్కి, 1897లో అచ్చయింది. 1909లో ఆయన దాన్ని దాదాపు కొత్తగా తిరగరాశారు. రెండో కూర్పు ఒక రాత్రిలో ఆడి ముగించగలిగినంత చిన్నది కాదు. దాన్ని చదివేవాళ్లే ఎక్కువ. ఆ మరుసటి ఏడు, 1910లో, ఆంధ్రభారతిలో దిద్దుబాటు కథ వచ్చింది. తలుపు దగ్గర నిలబడి పిలిచే ఒక గొంతుతో ఆ కథ మొదలవుతుంది. చెప్పేవాడి పరిచయమూ లేదు, వర్ణనా లేదు. రంగస్థలం మీద పాత్ర ప్రవేశించే పద్ధతి అది. నాటకం రాసిన చెయ్యి కథలో ఏం మోసుకొచ్చిందో ఆ మొదటి వరసలోనే తెలిసిపోతుంది.

బల్ల మీది ఆటలు

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఆట నడిపేవాడు లోకాన్ని చెబుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్రలో జవాబిస్తారు, ఫలితం పాచికలు తేలుస్తాయి. 1984లో మార్గరెట్ వైస్, ట్రేసీ హిక్‌మన్ రాసిన డ్రాగన్‌లాన్స్ మొదటి నవల ఈ ఆట కోసం హిక్‌మన్ తయారుచేసిన సాహసాల నుంచి పుట్టింది. అందులో రైస్ట్లిన్ అనే మాంత్రికుడు పాఠకుల్ని పట్టేసిన పాత్ర. ఒక ఆటలో ఆ పాత్ర వేసిన వ్యక్తి బొంగురుపోయిన గుసగుస గొంతుతో మాట్లాడాడు. ఆ గొంతు విన్నాకే తనకు ఆ మనిషి దొరికాడని వైస్ చెప్పారు. జపాన్‌లో ర్యో మిజునో నడిపిన ఆటను 1986 నుంచి కాంప్టీక్ పత్రిక సంభాషణల రూపంలోనే అచ్చువేసింది. 1988లో ఆయన దాన్ని రికార్డ్ ఆఫ్ లోడాస్ వార్ నవలగా మలిచారు. డీడ్లిట్ అనే ఎల్ఫ్ యువతి పాత్రను ఆటలో వేసింది హిరోషి యామమోటో అనే పురుషుడు, ఆయనా రచయితే. ఆడవేషాలకు అలవాటుపడ్డ తెలుగు ప్రేక్షకుడికి ఇందులో వింతేమీ ఉండదు. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ తన మిత్రులతో సూపర్‌వరల్డ్ అనే ఆట నడుపుతూ నడుపుతూ దాన్నే వైల్డ్ కార్డ్స్ కథాసంపుటిగా మార్చారు. మొదటి సంపుటి 1987లో వెలువడింది. మిజునో, మార్టిన్ ఇద్దరూ గాహకుడి స్థానంలోని వాళ్లే. రేమండ్ ఫీస్ట్ మాత్రం ఇందుకు మినహాయింపు. మిత్రులు కల్పించిన మిడ్కెమియా అనే లోకంలో ఆయన ఆటగాడు. 1982 నాటి మజీషియన్ నవలకు ఆ లోకాన్నే తీసుకుని, కథను ఆట కాలం కన్నా కొన్ని వందల ఏళ్లు వెనక్కి జరిపి తన దారి తాను వేసుకున్నారు.

ఆటను ఉన్నదున్నట్టు దించితే నవల నిలవదని వీళ్లందరూ గ్రహించారు. అయిదారుగురు కలిసి ఆడితే ప్రతివాడూ తానే నాయకుడు. కథ అంత భారం మోయలేదు. పాచికల వల్ల చచ్చినవాడి చావుకు ఆటలో కారణం అడగరు, పుస్తకంలో అడుగుతారు. కొన్ని సార్లు ఆ కారణం లేనితనమే మేలు చేస్తుంది. టై ఫ్రాంక్ నడిపిన ఆటలోంచి వచ్చిన లెవియథన్ వేక్స్ నవలను 2011లో ఆయనా డేనియల్ అబ్రహామ్ కలిసి జేమ్స్ ఎస్.ఎ. కోరీ పేరుతో ప్రచురించారు. అందులో షెడ్ అనే నౌకా వైద్యుడు ఉన్నట్టుండి చనిపోతాడు. ఆటలో ఆ పాత్ర వేస్తున్నతను మధ్యలో మానేశాడు, అందుకే అతణ్ని చంపేశారు. ఆ సంగతి తెలియని పాఠకులు దాన్ని రచయితల తెగువగా మెచ్చుకున్నారు.