రెండేళ్లే తెరిచి ఉండే తలుపు

2018 ఆగస్టు. స్విట్జర్లాండ్‌లో ఏగిల్ అనే చిన్న ఊరు. ప్రపంచ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) ప్రధాన కార్యాలయం అక్కడే ఉంది, దాని పక్కనే 200 మీటర్ల చెక్క ట్రాక్. జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కీరిన్ అనే పందెం ఫైనల్ ముగిసింది. మొదటి ఇద్దరికీ మధ్య తేడా 0.017 సెకను. ఆ వేగంలో అది కొలిస్తే ఒక అడుగు దూరం. ముందు గీత దాటినవాడు చెక్ రిపబ్లిక్ కుర్రాడు యాకుబ్ స్టాస్ట్నీ. అడుగు వెనక ఉన్నవాడు అండమాన్ నికోబార్ దీవుల నుంచి వచ్చిన ఈసో ఆల్బెన్. ప్రపంచ చాంపియన్‌షిప్‌లో భారత సైక్లింగ్‌కు అదే తొలి పతకం.

మన పత్రికల్లో అది నాలుగు వాక్యాల వార్త. క్రికెట్ లేని రోజైతే ఆరు వాక్యాలు వచ్చేవేమో.

పెద్దలకు ప్రపంచ ట్రాక్ పోటీలు 1893లోనే, చికాగోలో మొదలయ్యాయి. కుర్రాళ్లకు విడిగా పోటీ పెట్టాలని తోచడానికి ఎనభై ఏళ్లకు పైగా పట్టింది. 1975లో స్విట్జర్లాండ్‌లోనే లౌజాన్‌లో తొలి జూనియర్ ప్రపంచ పోటీలు జరిగాయి. అమ్మాయిల వంతు మరో పన్నెండేళ్లకు వచ్చింది. ఇక్కడ జూనియర్ అనడానికి పుట్టినరోజుతో పని లేదు. ఆ క్యాలెండర్ ఏడాదిలో 17 గానీ 18 గానీ నిండేవాళ్లే అర్హులు. ఎంత మొనగాడికైనా దక్కేది రెండే రెండు అవకాశాలు. మొదటి ఏడు తనకన్నా పెద్దవాళ్లతో తలపడాలి, రెండో ఏడు తనే పెద్దవాడు. ఆ తర్వాత తలుపు మూసుకుంటుంది.

ఈ తలుపులోంచి వెళ్లినవాళ్ల పేర్లు చూస్తే దాని విలువ తెలుస్తుంది. తూర్పు జర్మనీకి చెందిన లుట్జ్ హెస్లిష్ 1976, 1977లలో వరసగా జూనియర్ స్ప్రింట్ చాంపియన్. తర్వాత మాస్కోలోనూ సియోల్‌లోనూ ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 1979లో బ్యూనస్ ఎయిర్స్ నుంచి రోడ్డు పందెంలో స్వర్ణం, ట్రాక్ పర్స్యూట్‌లో రజతం పట్టుకెళ్లాడు. అప్పటికి టూర్ డి ఫ్రాన్స్ అతనికి కల మాత్రమే. బ్రిటన్ కుర్రాడు జేసన్ కెన్నీ 2006లో ఘెంట్‌లో స్ప్రింట్, కీరిన్, టీమ్ స్ప్రింట్ మూడూ గెలిచాడు. రెండేళ్లు తిరిగేసరికి బీజింగ్‌లో ఒలింపిక్ స్వర్ణం. టోక్యో నాటికి అవి ఏడయ్యాయి.

ఇదంతా ఎలాంటి ఆటో కొంచెం చెప్పుకోవాలి. ప్రామాణికమైన ట్రాక్ చుట్టుకొలత 250 మీటర్లు. మలుపుల దగ్గర వాలు 42 నుంచి 45 డిగ్రీలు. మన పెంకుటిళ్ల కప్పులు కూడా అంత నిటారుగా ఉండవు. సైకిల్‌కు బ్రేకులు లేవు, ఫ్రీవీల్ లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరగాల్సిందే, కాళ్లకు విరామం ఉండదు. బ్రేకులు లేకపోవడమే ఒకరకంగా భద్రత: ముందున్నవాడు హఠాత్తుగా ఆగలేడు కాబట్టి వెనకవాడు అతని చక్రానికి బెత్తెడు దూరంలో పోగలడు. అయినా ప్రమాదం ఎప్పుడూ పక్కనే ఉంటుంది. ఇవే జూనియర్ పోటీల్లో 2007, 2008లలో పతకాలు కొల్లగొట్టి, తర్వాత రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన జర్మన్ రైడర్ క్రిస్టినా ఫోగెల్ 2018 జూన్‌లో కాట్‌బస్‌లో సాధన చేస్తూ మరో సైక్లిస్టును ఢీకొట్టింది. వెన్నెముక దెబ్బతిని ఆమె చక్రాల కుర్చీకి పరిమితమైంది.

ఈసో రజతం గెలిచిన కీరిన్ పుట్టుక చిత్రమైనది. యుద్ధంలో చితికిపోయిన జపాన్ 1948లో సైకిల్ పందేల మీద బెట్టింగ్‌ను చట్టబద్ధం చేసి, కోకురా నగరంలో పందేలు మొదలుపెట్టి, ఆ రాబడితో స్థానిక సంస్థల ఖజానాలు నింపుకుంది. జూదానికి పుట్టిన ఆట 2000 నాటికి సిడ్నీలో ఒలింపిక్ ఆటయింది. ముందు ఒక చిన్న మోటారు బండి వేగాన్ని మెల్లగా పెంచుకుంటూ పోతుంది, దాని వెనకే అందరూ వరసగా వెళతారు. బండి పక్కకు తప్పుకోగానే తోపులాట మొదలు.

టీమ్ స్ప్రింట్ అలా కాదు, అది లెక్కల ఆట. జట్టుకు ముగ్గురు, పందెం మూడు చుట్లు. ముందున్నవాడు గాలిని చీల్చుకుంటూ ఒక చుట్టు లాగి పక్కకు తప్పుకుంటాడు. రెండోవాడు రెండో చుట్టు. ఆఖరివాడు మిగిలిన చుట్టు ఒంటరిగా పూర్తి చేస్తే గడియారం ఆగుతుంది. మొత్తం 45 సెకన్ల లోపే. మొదటివాడు జోరెక్కువ చేస్తే వెనకవాళ్లు అతని నీడలోంచి జారిపోతారు, తగ్గిస్తే కాలం పోతుంది. ఒక్కడు ప్రతిభావంతుడైతే చాలదు, సమవుజ్జీలైన ముగ్గురు ఒకేచోట పెరగాలి.

2019 ఆగస్టు 14న మనకు ఆ ముగ్గురూ కుదిరారు. పోటీలు జరిగిన ఊరు ఫ్రాంక్‌ఫర్ట్. బ్యాంకుల ఫ్రాంక్‌ఫర్ట్ కాదు, పోలండ్ సరిహద్దులో ఓడర్ నది ఒడ్డున ఉన్న పాత తూర్పు జర్మనీ పట్నం. ఈసో ఆల్బెన్, మణిపూర్ కుర్రాళ్లు రొనాల్డో సింగ్ లైతోంజమ్, రోజిత్ సింగ్ యాంగ్లెం ఫైనల్లో ఆస్ట్రేలియాను ఓడించారు. ఏ స్థాయిలోనైనా సైక్లింగ్‌లో భారత్‌కు అదే తొలి ప్రపంచ టైటిల్. ఓడిన దేశం సైక్లింగ్‌లో ఆషామాషీది కాదు, ట్రాక్ ఒలింపిక్ చాంపియన్లను తయారుచేసే కార్ఖానా. దేశం స్వాతంత్య్ర దినం ఏర్పాట్లలో ఉంటే ఆ రాత్రి జర్మనీలో జనగణమన వినిపించింది.

ఈ పిల్లల కథలు సినిమావాళ్లకు వదిలేయదగ్గవి. ఈసో నికోబార్ బిడ్డ. 2004 సునామీ నాటికి నాలుగేళ్లు నిండలేదు. మొదట పడవ పందేల్లో సాధన చేసి తర్వాత సైకిలెక్కాడు. అదే దీవుల్లో తొమ్మిదేళ్ల వయసులో సునామీకి చిక్కి, చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్న డెబోరా హెరాల్డ్ అప్పటికే భారత ట్రాక్‌కు దారి వేసింది. ఇక రొనాల్డో 2002లో పుట్టాడు. ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో బ్రెజిల్ రొనాల్డో చెలరేగిన ఏడాది అది, ఆ పేరే పెట్టారు. మన సైక్లింగ్ జట్టులో ఆ తర్వాత డేవిడ్ బెక్హాం అనే అండమాన్ కుర్రాడు కూడా చేరాడు. ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న తల్లిదండ్రుల బిడ్డలు సైకిల్ మీద దేశానికి పేరు తెచ్చారు.

వీళ్లందరూ రాటుదేలింది ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ప్రాంగణంలోని వెలోడ్రోమ్‌లో. 2010 కామన్వెల్త్ క్రీడలంటే మనకు గుర్తొచ్చేది కుంభకోణమే. ఆ క్రీడల కోసం కట్టినవాటిలో నిజంగా పనికొచ్చినది ఈ చెక్క ట్రాక్ అని నా నమ్మకం. కప్పు కింద, ఎండావానలతో పని లేకుండా, పోటీ జరిగే నేల లాంటి నేల మీదే రోజూ తిరగగలిగారు. కోచ్ ఆర్.కె.శర్మ చేతి కింద దేశం నలుమూలల కుర్రాళ్లను ఒకే గూట్లో పెంచారు. ట్రాక్ స్ప్రింట్‌కు పెద్ద జనాభా అక్కర్లేదు, పాతికమంది పిల్లలు, ఒక మంచి ట్రాక్, కొన్నేళ్ల ఓపిక ఉంటే చాలని ఆ పతకం రుజువు చేసింది.

తర్వాతేమైంది? 2019 విజయం నాటికి రొనాల్డో 17 ఏళ్ల కుర్రాడు. మరుసటి ఏడాది జూనియర్లలో పెద్దవాడిగా బరిలోకి దిగాల్సినవాడు. 2020 పోటీలను కోవిడ్ మింగేసింది. 2021లో కైరోలో పోటీలు జరిగే నాటికి అతని వయసు దాటిపోయింది. క్రికెటర్‌కు ఒక సీజన్ పోతే ఇంకొకటి ఉంటుంది, జూనియర్ సైక్లిస్టుకు సగం జీవితం పోయినట్టు. అయినా అతను కుంగిపోలేదు. 2022లో ఢిల్లీలో జరిగిన ఆసియా చాంపియన్‌షిప్ సీనియర్ స్ప్రింట్‌లో రజతం గెలిచాడు, ఏ భారతీయుడూ అంతకుముందు ఆ మెట్టెక్కలేదు.

కానీ ఒలింపిక్స్ మాత్రం అందలేదు. 1964 టోక్యో తర్వాత ఒలింపిక్ ట్రాక్ మీద భారత సైక్లిస్టు కనిపించలేదు. 2021 టోక్యోలోనూ 2024 పారిస్‌లోనూ అంతే. జూనియర్లలో మన చేతిలో ఓడిన దేశాల కుర్రాళ్లు సీనియర్లయ్యాక విండ్ టన్నెల్ పరీక్షలు, ఏడాది పొడవునా అంతర్జాతీయ పోటీలతో ముందుకు పోతారు. మనవాళ్లు అక్కడే వెనకబడతారు. లోపం కుర్రాళ్ల కాళ్లలో లేదు.

తెలుగువాళ్లం దీన్ని ఢిల్లీ సంగతిగా వదిలేయకూడదు. హైదరాబాద్‌లో ఉస్మానియా ప్రాంగణంలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది. మన పిల్లలు ఇప్పటికీ అక్కడే తిరుగుతారు. అది ఆరుబయటి సిమెంటు ట్రాక్. మండుటెండలో, వానలో సాధన ఆగుతుంది. అలాంటి చోట పెరిగినవాళ్లు చెక్క ట్రాక్ మీదికి వెళ్లి కొత్తగా నేర్చుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడో ఒకచోట కప్పున్న 250 మీటర్ల చెక్క ట్రాక్ కావాలి. ఇవాళ పన్నెండేళ్లున్న పిల్లకు జూనియర్ వయసు ఐదేళ్లలో వస్తుంది, ఏడేళ్లలో పోతుంది. క్రీడాశాఖలు శంకుస్థాపన తేదీని ఆ లెక్క చూసుకుని పెట్టుకోవాలి.